కాలువల నిర్మాత కాటన్ దొర – గోదావరి పడవవారి బ్రతుకులు

గోదావరి మండలములలో పుట్టి పెరిగినవారికి సర్ ఆర్థర్ కాటన్ పేరు క్రొత్తది కాదు. ధవళేశ్వరమున ఆయన విగ్రహమున్నది. డెల్టా గ్రామములలో అనేక కూడళ్లయందు ఆయన విగ్రహములు నిలిచియున్నవి. ఏటేట మే నెల 15వ తేదీన రైతులు వానికి పూలమాలలు వేయుదురు. గోదావరీ స్నాన సమయమున ఆయన పేరు తలచుకొనిన పండితులును ఉండిరని పెద్దలు చెప్పుదురు. పరదేశీయుడై, పరాయి ప్రభుత్వమునకు కొలువు చేసిన ఒక సైనికోద్యోగికి ఇంతటి గౌరవము దక్కుట మన చరిత్రలో అరుదైన విషయము.

అయితే మనమాయనను ఆనకట్ట కట్టిన మహనీయునిగా మాత్రమే ఎరుగుదుము. పంటపొలములకు నీరిచ్చినవాడని స్మరింతుము. ఆయన జీవితకాలమంతయు పోరాడిన రెండవ ఆశయము మాత్రము మనకు మరుగుపడినది. కాలువ యనగా ఆయన దృష్టిలో సేద్యపు నీటిమార్గమే కాదు. అది రహదారి కూడ. ఆ రహదారిపై నూరేండ్లకు పైగా పడవలు నడచినవి. ఆ పడవలను లాగిన మనుష్యులుండిరి. వారి పేర్లు ఏ శిలాఫలకమునందును లేవు. కావున ఈ వ్యాసమున కాటన్ జీవితమును, ఆయన కాలువలమీద బ్రతికినవారి జీవితమును కలిపి చెప్పవలెనని మేము సంకల్పించితిమి. ఒకటి లేనిదే రెండవది అర్థము కాదు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15న ఇంగ్లాండులో జన్మించెను. పెద్ద కుటుంబము, అన్నదమ్ములు అనేకులు. వారిలో పలువురు సైన్యమునందును, ఇంజనీరింగు శాఖయందును పేరు గాంచిరి. ఆర్థర్ తన పదునైదవ యేట ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరెను. చదువు ముగిసిన పిదప మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము లభించెను. 1821లో మద్రాసులో అడుగిడునాటికి ఆయన వయస్సు పదునెనిమిదేండ్లు. నేడు మన కళాశాలలో తొలి సంవత్సరము చదువు విద్యార్థి వయస్సే అది.

ఉద్యోగమున తొలి దినములలోనే ఆయనకు జలమార్గములతో పరిచయము కలిగెను. రామేశ్వరము చెంత పాంబన్ జలసంధిలో ఓడలు సాగిపోవుటకు వీలగు త్రోవను పరిశీలించు పని ఆయనకు అప్పగింపబడెను. పిదప మొదటి బర్మా యుద్ధమున సేవ చేసెను. అటుపిమ్మట కావేరీ మండలమునకు వచ్చెను. ఆయన జీవితమును మలుపు త్రిప్పినది ఆ ప్రదేశమే.

కావేరిపై చోళుల కాలమునాటి కల్లణై ఆనకట్ట ఉన్నది. కరికాల చోళుడు దానిని కట్టించెనని ప్రతీతి. ఇసుకయే గాని బండ కానరాని నదీగర్భమున, లోతైన పునాదులు లేకుండ, అంతటి కట్టడము శతాబ్దములు ఎట్లు నిలిచెనని కాటన్ శ్రద్ధతో పరిశోధించెను. రాళ్లను ఇసుకలో పడవేయగా అవి క్రుంగును. క్రుంగినకొలది మరల రాళ్లు వేయగా కొంతకాలమునకు అడుగు గట్టిపడి కదలక నిలుచును. ఈ రహస్యము పూర్వపు పనివాండ్రకు తెలియును. పడమటి దేశపు గ్రంథములలో ఆయనకు దొరకని పాఠమును చదువురాని పనివాండ్ర చేతిపని నేర్పినది. ఆ ఋణమును ఆయన దాచుకొనలేదు. తన వ్రాతలలో ఒప్పుకొనెను. 1836 ప్రాంతమున కొల్లిడముపై ఎగువ, దిగువ ఆనకట్టలను ఆయన నిర్మింపగా, తంజావూరు సీమ మరల పచ్చబడెను. తమిళమున అణైకట్టు అను మాటయే ఆంగ్లేయుల నోట వేరు రూపము దాల్చి ప్రపంచమంతటి ఇంజనీరింగు గ్రంథములకు ఎక్కినది. మన తెలుగు ఆనకట్టయు దానికి తోబుట్టువే.

ఆరోగ్యము చెడుటచే ఆయన కొంతకాలము సెలవు తీసికొని ఆస్ట్రేలియా ప్రాంతమునకు వెళ్లెను. 1841లో ఎలిజబెత్ లియర్మంత్ అను కన్యను వివాహమాడెను. తిరిగివచ్చిన పిదప విశాఖపట్టణమున సముద్రపు కోతనుండి తీరమును కాపాడు పనులు చేసెను. అచ్చటినుండి ఆయన దృష్టి గోదావరిపై పడెను.

ఆనాటి రాజమహేంద్రవరము జిల్లా స్థితి తలచుకొన్న నేటికిని మనస్సు కలతపడును. ఏటేట కోట్ల పుట్ల నీరు కన్నులయెదుటనే సముద్రము పాలగుచుండెను. వర్షము వచ్చినయెడల వరద, రానియెడల కరవు. 1832–33లో వచ్చిన నందన నామ సంవత్సరపు కరవున తెలుగు సీమ అంతటను వేలకొలది జనులు మడసిరి. 1839లో తుపాను, సముద్రపు ఉప్పెన కోరంగి ప్రాంతమును ముంచెత్తినవి. 1821లో 7 లక్షల 38 వేలుగా ఉన్న జిల్లా జనసంఖ్య, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. ఇరువది యేండ్లలో నలుగురిలో ఒకరు లేకపోయిరన్నమాట. కొందరు మరణించిరి, కొందరు ఊరు విడిచి పోయిరి. శిస్తు వసూళ్లు తగ్గుటచే కంపెనీవారును కలవరపడి, 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ చేత విచారణ జరిపించిరి. నీటి వసతి కల్పించుటయే మార్గమని ఆయన నివేదించెను.

కంపెనీ ప్రభుత్వము దయాదాక్షిణ్యములతోనే ఈ పనికి పూనుకొన్నదని మేము చెప్పజాలము. వారికి శిస్తు ముఖ్యము. కాని కాటన్ మాత్రము లెక్కల భాషలోనే కరుణను విన్నవించెను. నీటికి పెట్టు ప్రతి రూపాయియు ఎన్నో రెట్లయి తిరిగివచ్చునని ఆయన అంకెలతో వాదించెను. 1846లో అనుమతి లభించెను. 1847లో పని ప్రారంభమయ్యెను.

ధవళేశ్వరము చెంత గోదావరి మధ్యలో లంకలున్నవి. ఆ లంకలు నదిని నాలుగు పాయలుగా చీల్చుచున్నవి. కాటన్ ఆ స్థలమునే ఎన్నుకొనెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా ఆనకట్ట కట్టబడెను. కట్టడము పొడవు అన్నియు కలిపి సుమారు రెండుంబావు మైళ్లు, ఎత్తు పండ్రెండడుగులు. ధవళేశ్వరపు కొండ రాయిని ఇచ్చెను. ఎగువ అడవులు కలపను ఇచ్చెను. వేలకొలది కూలీలు చెమటను ఇచ్చిరి. రాళ్లను చేరవేయుటకు పట్టాలమీద నడచు బండ్లను వాడిరి. రైలుమార్గములకు ప్రతికూలుడని తరువాత పేరుబడిన కాటన్, తన పనికి పట్టాలనే ఉపయోగించుట గమనింపదగినది. ఆయన ద్వేషించినది పట్టాలను కాదు, వానిపై జరుగు దుబారాను.

ఈ మహాకార్యమున ఆయనకు కుడిభుజమై నిలిచిన తెలుగువాడు వీణెం వీరన్న. కూలీలను కూడగట్టుట, వారికి పని నేర్పుట, దొరల మాట జనులకును జనుల కష్టము దొరలకును తెలుపుట ఆయన వంతు. సబ్ ఇంజనీరుగా ఎదిగి ప్రభుత్వ బిరుదమును కూడ పొందెను. కాటన్ అనారోగ్యముచే సెలవుపై వెళ్లినపుడు కెప్టెన్ ఓర్ అను ఇంజనీరు పనిని కొనసాగించెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ ప్రాంతముననే హేగ్ అను యువ ఇంజనీరు కోనసీమలో గన్నవరమువద్ద వైనతేయ పాయమీదుగా 49 కమానుల అక్విడక్టును కట్టి, కాలువను నదిపైనుండి దాటించి నగరము లంకకు నీరందించెను. ఆ కట్టడము ఒకటిన్నర శతాబ్దము నిలిచినది. 2000లో దాని ప్రక్కన నిర్మింపబడిన క్రొత్త అక్విడక్టునకు అన్నదాత్రి డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. నీరు పెట్టిన కట్టడమునకు అన్నము పెట్టిన తల్లి పేరు తగినట్లే అమరినది.

ఇక పడవల మాటకు వత్తము. ఆనకట్టకు ఇరుప్రక్కలను, నడుమను కాలువల తలలున్నవి. తూర్పు డెల్టాలో కాకినాడ, సామర్లకోట, కోరంగి, మండపేట కాలువలు. మధ్య డెల్టాలో అమలాపురము, గన్నవరము కాలువలు. పశ్చిమ డెల్టాలో ఏలూరు, నరసాపురము, ఉండి, అత్తిలి, కాకరపర్రు మొదలగు కాలువలు. ప్రధాన కాలువల పొడవు సుమారు 500 మైళ్లు. వానిలో దాదాపు అన్నియు పడవలు నడచుటకు అనువుగా త్రవ్వబడినవే. ఇది యాదృచ్ఛికము కాదు. సేద్యమునకు మాత్రమే అయినచో కాలువకు అంత వెడల్పు, అంత లోతు అక్కరలేదు, గట్టుపై త్రోవ అక్కరలేదు, లాకులు అక్కరలేదు. ఇవన్నియు పడవ కొరకే ఏర్పడినవి.

లాకు యనునది ఏమో నేటి విద్యార్థులలో కొందరికి తెలియకపోవచ్చును. డెల్టా భూమి సముద్రమువైపు మెల్లమెల్లగా వాలుచున్నది. కాలువను ఒకే వాలున త్రవ్వినచో నీరు వడిగా పరుగెత్తును. పడవ ఎదురు నడువలేదు. కావున కాలువను మెట్లు మెట్లుగా త్రవ్వి, ఒక్కొక్క మెట్టువద్ద రెండు జతల తలుపులుగల రాతి తొట్టిని కట్టిరి. పడవ తొట్టిలో ప్రవేశించును. వెనుక తలుపులు మూయుదురు. తూములద్వారా నీరు నింపుటయో వదలుటయో చేయుదురు. పడవ తనంతట తానే పై మెట్టునకు లేచును, లేదా క్రింది మెట్టునకు దిగును. అప్పుడు ముందు తలుపులు తెరచుకొనును. ధవళేశ్వరము, విజ్జేశ్వరము, కడియము, చొప్పెల్ల మొదలగు చోట్ల లాకులు వెలసినవి. లాకు అను ఆంగ్లపదము తెలుగు పల్లెలో ఇంటిమాటయై, ఊరి గుర్తుగా స్థిరపడినది. పడవలు వేచియుండు చోట అంగళ్లు, పూటకూళ్ల ఇండ్లు, రావిచెట్టు నీడ, కబుర్లు పుట్టుకొనివచ్చెను.

అంతకు పూర్వము డెల్టాలో ధాన్యము పెరికెద్దులమీదను, బండ్లమీదను పోవలసియుండెను. నల్లరేగడి నేల వర్షాకాలమున బండి చక్రమును మ్రింగివేయును. ఒక ఊర ధాన్యము మ్రగ్గుచుండగా ప్రక్క తాలూకాలో జనులు ఆకలితో చచ్చుట ఆ రోజులలో జరిగినదే. కాలువ వచ్చిన పిదప ఒక పడవ అనేక బండ్ల బరువును, బండి వెలలో కొద్ది భాగమునకే చేరవేయగలిగెను. వరి, బెల్లము, కొబ్బరి, ఉప్పు, పెంకులు, సున్నము, వంటచెరకు, మామిడిపండ్లు పడవలమీదనే నడచెను. ఏలూరు కాలువద్వారా గోదావరి కృష్ణతో కలిసెను. కృష్ణపై బెజవాడవద్ద ఓర్ నిర్మించిన ఆనకట్ట 1855లో పూర్తియైనది. అచ్చటినుండి కొమ్మమూరు కాలువ పెదగంజాము వరకు సాగెను. మద్రాసునుండి ఉత్తరముగా వచ్చుచున్న బకింగ్‌హాము కాలువ, 1876–78 నాటి మహాక్షామమున కూలీలకు పని కల్పించుటకై పొడిగింపబడి, ఆ వ్యవస్థతో కలిసెను. ఆ విధముగా కాకినాడలో ఎక్కిన సరకు సముద్రపు అలను తాకకుండ మద్రాసు చేరుటకు మార్గమేర్పడెను. ఆ కరవున దక్షిణ దేశము అలమటింపగా గోదావరి, కృష్ణా డెల్టాలు తాము తినుటయే కాక ఇతరులకును ధాన్యము పంపగలిగినవి.

ఈ రాకపోకలకు మూలాధారము పడవవాడు. గాలి అనుకూలమైనపుడు తెరచాప ఎత్తుదురు. లోతు తక్కువచోట గెడ వేయుదురు. కాని అధికభాగము పడవ నడచునది మనుష్యుని భుజబలముచేతనే. తెరచాప కొయ్యకు పొడవైన త్రాడు కట్టి, దాని రెండవ కొనను పట్టుకొని ఇద్దరు ముగ్గురు కళాసీలు గట్టువెంట వంగి నడచుచు పడవను లాగెడివారు. పడవలో వెనుక చుక్కాని పట్టినవాడు పడవ గట్టునకు ఒరయకుండ చూచుకొనెడివాడు. ప్రవాహముతో పోవునపుడు పని తేలిక. వర్షాకాలమున నిండు కాలువలో ఎదురు పోవునపుడు ఒక్కొక్క అడుగును సంపాదించుకొనవలసియుండెను. వంతెన వచ్చినపుడు కొయ్యను దింపవలెను. త్రాడు విప్పి ఆవలకు అందించి మరల కట్టవలెను. ఎదురు పడవ వచ్చినపుడు ఎవరి త్రాడు పైన, ఎవరి త్రాడు క్రింద అను మర్యాద తెలిసియుండవలెను. బురదలో, తుమ్మముండ్లలో, అర్ధరాత్రి చీకటిలో ఆ పాదములు నడచినవి. త్రాటి ఒరపిడిచే భుజములపై కాయలు కాచినవి.

జనులు ఎక్కు పడవలను రాదారి పడవలనిరి. సాయంకాలము ఎక్కి పండుకొన్న ప్రయాణీకుడు తెల్లవారుసరికి తన ఊరి రేవున కన్ను తెరచెడివాడు. పెండ్లివారు, పురాణపండితులు, వర్తకులు, కోర్టు పక్షులు, రాజమహేంద్రవరము, కాకినాడ కళాశాలలలో చదువుకొను విద్యార్థులు – అందరును ఆ పడవలమీదనే ప్రయాణించిరి. ఒకే కప్పు క్రింద రాత్రి గడుపవలసివచ్చుటచే, ఎడముగా ఉండు మనుష్యులు కొంత దగ్గరైరి. పాలగుమ్మి పద్మరాజుగారి పడవ ప్రయాణము అను కథ చదివినవారికి ఆ లోకమెట్టిదో తెలియును. ప్రయాణీకులు నిద్రించుచుండగా గట్టుపై మేలుకొని నడచినవారిని గూర్చి మాత్రము తలచినవారు తక్కువ.

పడవవాని జీవనమునకు భద్రత లేదు. ఏటేట వేసవిలో పూడిక తీయుటకును, మరమ్మతులకును కాలువలు కట్టివేయుదురు. అప్పుడు పడవ గట్టెక్కును, సంపాదన నిలిచిపోవును. పలకల సందులలో పీచు కుక్కి తారు పూసి, చినిగిన చాపను కుట్టుకొని, నీరు వదలు దినమునకై ఎదురుచూడవలెను. రైతు వానకై చూచునట్లే పడవవాడు కాలువ నీటికై చూచెను. పడవలకు లైసెన్సు, కాలువకు పన్ను ఉండెను. 1890లో మద్రాసు ప్రభుత్వము కాలువలను, రేవులను గూర్చి ప్రత్యేక చట్టమునే చేసెను. పడవకు నంబరు ఉండెను. లాగినవానికి లెక్క లేదు.

ఇచ్చట మన కళాశాలవారికి ప్రత్యేకముగా ఆనందము కలిగించు విషయమొకటి కలదు. పడవవాని నోటి మాటలను పరిశీలింపుడు. సరంగు అను మాట పారసీకమున నాయకుడను అర్థముగల సర్‌హంగ్ నుండి వచ్చినది. కళాసీ ఉర్దూలోని ఖలాసీ. లంగరు పారసీక పదము. రాదారి యనగా రాహ్‌దారీ. దారి కాపు, దారి సుంకము అనునవి దాని మొదటి అర్థములు. రేవుపట్టణమగు మచిలీపట్టణమును మనము బందరు అందుము; బందర్ అనగా పారసీకమున రేవు. వీని ప్రక్కనే చుక్కాని, గెడ, తెడ్డు, తెరచాప, గట్టు, రేవు అను మాటలు కూర్చున్నవి. లాకు ఆంగ్లమునుండి వచ్చి చేరినది. ఏ పండిత పరిషత్తును తీర్మానింపలేదు; ఏ ప్రభుత్వమును ఉత్తరువు చేయలేదు. ఒకే త్రాడును లాగు మనుష్యులు ఒకరి మాట నొకరు అందిపుచ్చుకొనిరి. ఉర్దూ పుటలును తెలుగు పుటలును ఒకే అట్టలో కుట్టబడు మన సంచికకు ఇంతకంటె తగిన దృష్టాంతమేమి కావలెను?

కాటన్ చరిత్రకు మరలుదము. డెల్టా విజయముతో ఆయన తృప్తి చెందలేదు. దేశమంతటను నదులను కాలువలతో కలిపి, సేద్యమును ప్రయాణమును ఒకే నీటిపై నడుపవలెనని ఆయన ఉద్దేశము. 1854లో ప్రకటించిన గ్రంథమున ప్రజాహిత నిర్మాణములను గూర్చి ప్రభుత్వపు అలసత్వమును గట్టిగా విమర్శించెను. 1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. కొలువు విడిచి స్వదేశము చేరిన పిదపను ఆయన కలము ఆగలేదు.

కాని ఆయన ఆశలన్నియు ఫలింపలేదు. జీవితచరిత్ర వ్రాయువారు విజయములనే వ్రాసి ఊరకుండుట న్యాయము కాదు. ధవళేశ్వరమునకు ఎగువన గోదావరిని మధ్యపరగణాల ప్రత్తి నేలల వరకు పడవలకు అనువుగా చేయవలెనను పథకము హేగ్ నాయకత్వమున సాగెను. దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు లాకులును కట్టిరి. నదికి అడ్డముగానున్న మూడు రాతి మెట్టలను దాటవలసియుండెను. ఇంతలో 1867లో రైలు నాగపురము చేరెను. ప్రత్తి రైలెక్కి బొంబాయి దారి పట్టెను. 1871లో గోదావరి పథకము విడిచిపెట్టబడెను. తుంగభద్రపై సుంకేసులనుండి కర్నూలు, కడప వరకు ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్విన కాలువయు ఆర్థికముగా దెబ్బతిని, 1882లో ప్రభుత్వము చేతికి వచ్చెను. వర్షాధారపు మెట్టపైరులకు అలవాటుపడిన రైతు నీటికి వెల యిచ్చుటకు వెంటనే ముందుకు రాలేదు. డెల్టాలో చెల్లిన లెక్క మెట్ట సీమలో చెల్లలేదు.

1878లో ఇంగ్లాండు పార్లమెంటు భారతదేశపు నిర్మాణములపై విచారణ సంఘమును నియమించెను. డెబ్బది యైదేండ్ల కాటన్ దాని యెదుట నిలిచి జలమార్గముల పక్షమున సాక్ష్యమిచ్చెను. రైళ్లకై కోట్లు కుమ్మరించి కాలువలను ఉపేక్షించుట వలననే కరవు కాలమున ప్రాణములు పోవుచున్నవని ఆయన వాదము. రైలు ఉన్న ధాన్యమును చేరవేయునే కాని, లేని ధాన్యమును పండింపలేదు. కాలువ రెండును చేయును. సంఘమువారు ఆయన మహాప్రణాళికను అంగీకరింపలేదు. ఇందు ఆయన పూర్ణముగా ఒప్పు, ప్రతిపక్షులు పూర్ణముగా తప్పు అని మేము తీర్పు చెప్పబోము. వడిగా పోవుటకు రైలునకు సాటి లేదు. అన్ని నేలలును గోదావరి డెల్టా వలె సమతలమైనవి కావు. అయినను చౌకగా బరువు మోయుటలోను, కరవునకు మందు నీరేననుటలోను ఆయన చూపు నిశితమైనదే.

వృద్ధాప్యమున ఆయన డార్కింగు అను పట్టణమున నివసించెను. తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పంటపై ప్రయోగములు చేసెను. అరబ్బీ భాషను నేర్చుకొనుటకు సులభమైన వాచకమును గూడ కూర్చి ప్రకటించెను. ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ సంగతి వింతగాను ప్రియముగాను ఉండగలదు. 1899 జూలై 24న, తొంబది యారేండ్ల వయస్సున, ఆయన కన్ను మూసెను. ఆ మరుసటి యేడు, 1900లో, రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలు వంతెన తెరువబడెను. ఆయన మరణమును, ఆయన ప్రత్యర్థి విజయమును ఇంత దగ్గరగా కాలము ఒకే పుటపై వ్రాసినది.

రైలు వచ్చినంతమాత్రమున పడవ ఆగలేదు. రైలుకు అందని ఊళ్లకు అదియే దిక్కు. స్వాతంత్ర్యానంతరము రోడ్లు, లారీలు, బస్సులు విస్తరించినకొలది పడవ క్షీణించెను. కాలువలపై ఎత్తు చాలని వంతెనలు వెలసినవి. గుర్రపుడెక్క అల్లుకొనెను. లాకుల తలుపులు తుప్పు పట్టెను. 1970 తరువాతి దశాబ్దములలో రాదారి పడవ జ్ఞాపకముగా మిగిలెను. కాటన్ కట్టిన ఆనకట్టకు బదులుగా 1970లో ప్రారంభమై 1982లో పూర్తియైన బరాజికి ఆయన పేరే పెట్టిరి. సుమారు 10 లక్షల ఎకరములు నేటికిని ఆ నీటితో పండుచున్నవి. సేద్యపు కాలువ గెలిచినది. రహదారి కాలువ ఓడినది. 2008లో కేంద్ర ప్రభుత్వము కాకినాడ – పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగములను నాల్గవ జాతీయ జలమార్గముగా ప్రకటించుటచే కాటన్ వాదము కాగితముపైనైనను మరల ప్రాణము పోసికొన్నది.

పడవతోపాటు పడవవాని విద్యయు పోయినది. నీటి రంగు చూచి లోతు చెప్పగలిగిన కన్ను, గాలి వాసనతో వాన రాకను గుర్తించిన ముక్కు, చీకటిలో త్రాటి బిగువును బట్టి పడవ స్థితిని తెలిసికొన్న చేయి – ఇవి ఏ పాఠ్యగ్రంథమునను లేవు. పని పోయిన పడవవారిలో కొందరు ఇసుక రేవులకు, కొందరు చేపల వేటకు, కొందరు కూలికి మరలిరి. ఎవరును వారికి వీడ్కోలు చెప్పలేదు.

కాటన్ కల్లణై చెంత నేర్చుకొన్న పాఠము ఇచ్చట మనకు పనికివచ్చును. పేరు లేని పనివాని చేతిలో శాస్త్రమున్నదని ఆయన గుర్తించెను. వినయముతో దానిని అడిగి తెలిసికొనెను. అందుచేతనే గోదావరిని కట్టగలిగెను. విగ్రహమునకు మాల వేయుట సులభము. ఆయన చేసినట్లు అడిగి తెలిసికొనుట కొంచెము కష్టము. త్రాడు లాగిన భుజములు గల వృద్ధులు కాలువ గట్టు గ్రామములలో ఇంకను కొందరైనను ఉందురు. వారి నోటనున్న మాటలను, పాటలను, పడవ భాగముల పేర్లను ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి సేకరించి, ఒక గ్రంథముగా వ్రాసి, మన గ్రంథాలయమున ఉంచినచో, కళాశాల పాలకవర్గమువారు అందులకు కొద్దిపాటి సొమ్ము కేటాయించినచో, ఏ విగ్రహమునకును తీసిపోని స్మారకమగును. వేసవి సెలవులలో కాలువలు కట్టివేయబడి యుండును. పూర్వము పడవవారు తీరికగా కూర్చుండెడి కాలమదియే. ఆ పనికి అదియే తగిన సమయమని మా మనవి.